స్టాండ్‌బై డేటాబేస్: ప్రైమరీ సర్వర్ అమరిక

నడుస్తున్న డేటాబేస్‌లో జరిగే ప్రతి మార్పునూ అందుకుంటూ, అసలుది ఆగిపోతే దాని స్థానంలోకి రావడానికి వేరే యంత్రం మీద సిద్ధంగా ఉండే నకలును స్టాండ్‌బై డేటాబేస్ అంటారు. అసలు డేటాబేస్ ఉన్న యంత్రం ప్రైమరీ సర్వర్, నకలు ఉన్నది స్టాండ్‌బై సర్వర్. మార్పులను ఒకచోటి నుంచి మరోచోటికి చేరవేసే పని రెప్లికేషన్, అంటే ప్రతిరూపణ. ఈ పనికి కొత్తగా దిగేవారి శ్రద్ధంతా సాధారణంగా స్టాండ్‌బై మీదే ఉంటుంది. కానీ స్టాండ్‌బైకి ఏమేమి చేరాలి, ఎంత ఆలస్యం సహించవచ్చు, అది కనిపించకుండా పోతే ఏం చేయాలి అన్న నిర్ణయాల్లో ఎక్కువ భాగం ప్రైమరీ సర్వర్ అమరికల్లోనే ఉంటాయి. ఈ వ్యాసం ఆ అమరికలను, ముఖ్యంగా పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ (వాడుకలో పోస్ట్‌గ్రెస్) డేటాబేస్‌కు సంబంధించినవాటిని, అనకాపల్లి ప్రాంత పరిస్థితులకు అన్వయించి వివరిస్తుంది.

అవసరం: అనకాపల్లి, ఉత్తర కోస్తా

అనకాపల్లి 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లా నుంచి విడివడి కొత్త జిల్లాకు కేంద్రమైంది. దేశమంతటా పేరున్న బెల్లం మార్కెట్ ఈ పట్టణంలోనే ఉంది. పరవాడలోని ఫార్మా సిటీ, సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం, అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలి ఈ జిల్లాలోవే. మార్కెట్ తూకాలు, కర్మాగారాల సరుకు లెక్కలు, భూముల రిజిస్ట్రేషన్లు, ఆసుపత్రుల రికార్డులు అన్నీ నేడు ఏదో ఒక డేటాబేస్‌లో నడిచేవే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998 నవంబరులో మొదలైన ‘కార్డ్’ పథకం సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాలను కంప్యూటరీకరించింది. అప్పట్లో ఏ కార్యాలయం సర్వర్ ఆ కార్యాలయంలోనే ఉండేది. ఒక సర్వర్ చెడితే ఒక ఊరి పని ఆగేది. 2011 నవంబరులో వచ్చిన మీసేవ వంటి కేంద్రీకృత సేవలతో పరిస్థితి తిరగబడింది. ఎక్కడో ఉన్న ఒక్క డేటాబేస్ మీద వేల కౌంటర్లు ఆధారపడతాయి కాబట్టి అది ఆగితే రాష్ట్రమంతా క్యూలు నిలిచిపోతాయి. స్టాండ్‌బై సర్వర్ అవసరం కేంద్రీకరణతో పాటే పెరిగింది.

ఈ తీరానికి తుపాను భయం కూడా ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో గాలులు వీచాయి. విద్యుత్ స్తంభాలు, సెల్ టవర్లు నేలకూలి, కరెంటు, ఫోన్లు చాలాచోట్ల రోజుల తరబడి లేవు. అనకాపల్లి నుంచి విశాఖపట్నం సుమారు 35 కిలోమీటర్లే. ప్రైమరీ అనకాపల్లిలో, స్టాండ్‌బై విశాఖలో ఉంటే హార్డ్‌డిస్క్ చెడిపోవడం, అగ్నిప్రమాదం వంటివాటి నుంచి రక్షణ దొరుకుతుంది. తుపాను మాత్రం రెండింటినీ ఒకే రోజు తాకవచ్చు. అందుకే తీరప్రాంతంలో ఒక స్టాండ్‌బై దగ్గరలో, మరొకటి హైదరాబాద్ వంటి దూర నగరంలో పెట్టుకోవడం మేలు. జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం (నిక్) కూడా తన జాతీయ డేటా కేంద్రాలను ఢిల్లీ, పుణె, హైదరాబాద్, భువనేశ్వర్‌లలో విడివిడిగా నెలకొల్పింది.

పనిచేసే తీరు

పాత వ్యాపారస్తుడు జరిగిన ప్రతి లావాదేవీనీ ముందు చిట్టాలో వరుసగా రాసుకుని, తర్వాత తీరిగ్గా ఆవర్జాలో ఎవరి ఖాతా కింద వారికి ఎక్కించేవాడు. పోస్ట్‌గ్రెస్ కూడా అంతే. మార్పును ముందు ఒక లాగ్‌లో రాసి, అది డిస్క్ మీద భద్రంగా పడ్డాకే ‘పని పూర్తయింది’ అని చెబుతుంది. అసలు టేబుళ్లలోకి ఆ మార్పు తర్వాత చేరుతుంది. ఈ లాగ్‌ను ‘రైట్ ఎహెడ్ లాగ్’ అని, క్లుప్తంగా ‘వాల్’ అని పిలుస్తారు. మామూలుగా ఇది 16 మెగాబైట్ల ముక్కలుగా ఉంటుంది. ఆ ముక్కలను సెగ్మెంట్లు అంటారు.

కరెంటు పోయి సర్వర్ హఠాత్తుగా ఆగితే, తిరిగి లేచాక వాల్‌ను చదువుకుని మిగిలిపోయిన మార్పులు పూర్తి చేసుకుంటుంది. ప్రతిరూపణ ఈ ఏర్పాటు మీదే ఆధారపడింది. ఒక నిర్ణీత క్షణం నాటి డేటాబేస్ నకలు, ఆ క్షణం నుంచి పుట్టిన వాల్ మొత్తం చేతిలో ఉంటే మరో యంత్రం మీద అదే డేటాబేస్‌ను తయారు చేయవచ్చు. వాల్ వస్తున్నంత కాలం ఆ నకలు తాజాగా ఉంటుంది. మధ్యలో ఒక్క సెగ్మెంట్ తప్పిపోతే అక్కడితో ఆగిపోతుంది. ఆ తర్వాతి సెగ్మెంట్లు ఎన్ని ఉన్నా పనికిరావు.

చరిత్ర

పోస్ట్‌గ్రెస్‌లోకి వాల్ 2001లో 7.1 వెర్షన్‌తో వచ్చింది. పూర్తయిన సెగ్మెంట్లను వేరే చోట దాచి, కోరిన క్షణానికి డేటాబేస్‌ను పునరుద్ధరించే సౌకర్యం 2005లో 8.0తో అందింది. 2006లో వచ్చిన 8.2తో, ఇలా దాచిన సెగ్మెంట్లను ఎడతెగకుండా చదువుతూ ఉండే స్టాండ్‌బైని నడపడం సాధ్యమైంది. కానీ మార్పులు సెగ్మెంట్ల చొప్పునే అవతలికి పోయేవి. 2010 సెప్టెంబరులో విడుదలైన 9.0 ఈ ఇబ్బందిని తీర్చింది. మార్పులు పుట్టినవి పుట్టినట్టే నెట్‌వర్క్ మీద ప్రవహించే స్ట్రీమింగ్ రెప్లికేషన్, స్టాండ్‌బైని చదవడానికి వాడుకునే హాట్ స్టాండ్‌బై ఆ వెర్షన్‌తోనే వచ్చాయి.

2011లో 9.1తో సింక్రనస్ రెప్లికేషన్, 2014లో 9.4తో రెప్లికేషన్ స్లాట్లు చేరాయి; వీటి వివరణ కింద వస్తుంది. 2017లో వచ్చిన 10వ వెర్షన్ అమరికల ఆరంభ విలువలను మార్చి, స్టాండ్‌బైకి కావలసిన కనీస ఏర్పాట్లను ముందే సిద్ధం చేసి ఇచ్చింది. 2019 నాటి 12వ వెర్షన్‌లో ‘రికవరీ డాట్ కాన్ఫ్’ అనే వేరే ఫైలు పోయి, దాని అమరికలు దాదాపు అన్నీ ప్రధాన కాన్ఫిగరేషన్ ఫైలులో కలిశాయి. పాత వెర్షన్ కోసం రాసిన సూచనలు కొత్తదాని మీద పనిచేయకపోవడానికి తరచూ కారణం ఈ మార్పే.

ప్రైమరీ సర్వర్ అమరికలు

పోస్ట్‌గ్రెస్ అమరికలు ప్రధానంగా రెండు ఫైళ్లలో ఉంటాయి. సర్వర్ ప్రవర్తనను ‘పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డాట్ కాన్ఫ్’ నిర్ణయిస్తుంది. ఎవరు, ఎక్కడి నుంచి, ఏ విధంగా లోపలికి రావచ్చో ‘పీజీ హెచ్‌బీఏ డాట్ కాన్ఫ్’ చెబుతుంది.

లాగ్‌లో ఎంత రాయాలి: ‘వాల్ లెవెల్’ అనే అమరికకు మూడు విలువలున్నాయి. ‘మినిమల్’ పెడితే సర్వర్ తాను తిరిగి లేవడానికి సరిపడా మాత్రమే రాస్తుంది. స్టాండ్‌బైకి అది చాలదు. ‘రెప్లికా’ పూర్తి నకలుకు కావలసినదంతా రాస్తుంది. ‘లాజికల్’ అంతకంటే ఎక్కువ వివరం రాస్తుంది; ఎంచుకున్న టేబుళ్లను మాత్రమే వేరే డేటాబేస్‌కు పంపాలంటే అది అవసరం. 10వ వెర్షన్ నుంచి ‘రెప్లికా’ ముందే పెట్టి ఉంటుంది. అయితే భారీ డేటా వేగంగా ఎక్కించడానికి ఎవరో ‘మినిమల్’కు మార్చి అలాగే వదిలేసిన సర్వర్లు ఉండవచ్చు కాబట్టి ముందుగా దీన్నే చూడాలి. ‘అన్‌లాగ్డ్’గా సృష్టించిన టేబుళ్లు వాల్‌లోకి వెళ్లవు. వాటిలోని సమాచారం స్టాండ్‌బైకి ఎప్పటికీ చేరదు.

తలుపు, తాళం: కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన పోస్ట్‌గ్రెస్ సాధారణంగా తన యంత్రం నుంచి వచ్చే పిలుపులకే పలుకుతుంది. బయటి నుంచి స్టాండ్‌బై రావాలంటే ‘లిజన్ అడ్రసెస్’లో ప్రైమరీకి ఉన్న నెట్‌వర్క్ చిరునామా చేర్చాలి, ఫైర్‌వాల్‌లో 5432 పోర్టును స్టాండ్‌బై చిరునామాకు మాత్రమే తెరవాలి. ప్రతిరూపణ కోసం ‘రెప్లికేషన్’, ‘లాగిన్’ హక్కులు మాత్రమే ఉన్న ప్రత్యేక యూజర్‌ను సృష్టించాలి. సూపర్‌యూజర్‌ను ఈ పనికి వాడడం అనవసర ప్రమాదం.

తర్వాత పీజీ హెచ్‌బీఏ ఫైలులో ఆ యూజర్‌కు ఒక వరుస రాయాలి. ఇక్కడ చాలామంది తడబడతారు. డేటాబేస్ పేరు ఉండాల్సిన చోట ‘ఆల్’ అని రాస్తే అన్ని డేటాబేస్‌లకూ వర్తిస్తుంది గానీ, ప్రతిరూపణ కనెక్షన్‌కు వర్తించదు. దానికి ప్రత్యేకంగా ‘రెప్లికేషన్’ అనే మాటే రాయాలి. పాస్‌వర్డ్ పద్ధతిగా పాతబడిన ‘ఎండీ5’ బదులు ‘స్క్రామ్ షా 256’ వాడాలి. అనకాపల్లి నుంచి హైదరాబాద్‌కు వెళ్లే లాగ్‌లో డేటాబేస్ మార్పులన్నీ ఉంటాయి కాబట్టి ఎస్‌ఎస్‌ఎల్ గుప్తీకరణ తప్పనిసరి చేయాలి.

పంపేవారి సంఖ్య: ప్రతి స్టాండ్‌బైకీ ప్రైమరీలో ఒక ‘వాల్ సెండర్’ ప్రక్రియ పనిచేస్తుంది. వాటి గరిష్ఠ సంఖ్య ‘మ్యాక్స్ వాల్ సెండర్స్’, స్లాట్ల గరిష్ఠ సంఖ్య ‘మ్యాక్స్ రెప్లికేషన్ స్లాట్స్’. రెండూ 10గా మొదలవుతాయి, చిన్న ఏర్పాటుకు అది చాలు. మొదటి నకలు తీసే పనిముట్టు కూడా తాత్కాలికంగా ఒకటి రెండు సెండర్లను వాడుకుంటుంది. అందుకని స్టాండ్‌బైల సంఖ్యకు సరిగ్గా సమానంగా కాకుండా కొంత ఎక్కువ ఉంచాలి. ‘వాల్ సెండర్ టైమౌట్’ మొదట 60 సెకన్లు. అంతసేపు అవతలి నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే ప్రైమరీ ఆ కనెక్షన్‌ను తెంచేస్తుంది.

లాగ్ నిల్వ: తనకు ఇక అక్కర్లేని సెగ్మెంట్లను ప్రైమరీ తీసేయడమో, పేరు మార్చి మళ్లీ వాడుకోవడమో చేస్తుంది. లైను తెగిన స్టాండ్‌బై తిరిగి వచ్చేసరికి తనకు కావలసిన సెగ్మెంట్ ప్రైమరీలోనూ ఆర్కైవ్‌లోనూ (సెగ్మెంట్లను వేరే చోట దాచిన నిల్వలోనూ) లేకపోతే దానికి మళ్లీ మొదటి నుంచి నకలు తీయాల్సిందే. దీన్ని నివారించడానికి రెండు మార్గాలున్నాయి. ‘వాల్ కీప్ సైజ్’ ఎవరు అడిగినా అడగకున్నా ఇంత లాగ్ దాచిపెట్టమంటుంది. రెప్లికేషన్ స్లాట్ అయితే ఫలానా స్టాండ్‌బై ఎక్కడిదాకా అందుకుందో గుర్తుపెట్టుకుని, ఆ తర్వాతిదంతా ఆపుతుంది.

స్లాట్ నమ్మకమైనదే గానీ దానికి తనంతట తానుగా హద్దు లేదు. స్టాండ్‌బై మూతపడి నెలయినా లాగ్‌ను ఆపుతూనే ఉంటుంది. చివరికి డిస్క్ నిండి ప్రైమరీయే ఆగిపోతుంది. 2020లో 13వ వెర్షన్‌తో వచ్చిన ‘మ్యాక్స్ స్లాట్ వాల్ కీప్ సైజ్’ దీనికి హద్దు గీస్తుంది. ఆ హద్దు దాటితే ప్రైమరీ ఆ స్లాట్‌ను వదులుకుని తన పని తాను చూసుకుంటుంది. ఆరంభంలో దీని విలువ ‘హద్దు లేదు’ అనే అర్థమిచ్చే మైనస్ 1. స్లాట్ వాడేవారు దీన్ని మార్చకుండా వదలకూడదు.

ఆర్కైవ్: ‘ఆర్కైవ్ మోడ్’ ఆన్ చేసి, ‘ఆర్కైవ్ కమాండ్’లో నిండిన సెగ్మెంట్‌ను వేరే చోట దాచే ఆదేశం రాస్తే, స్టాండ్‌బై లైను తెగినా లాగ్ ఇంకో చోట దొరుకుతుంది. ఆదేశం నిజంగా విజయవంతమైతేనే సున్నా తిరిగివ్వాలి. అప్పటికే ఉన్న ఫైలు మీద వేరే ఫైలు రాయకూడదు. ఆర్కైవ్ విఫలమవుతుంటే ప్రైమరీ ఆ సెగ్మెంట్లను తన దగ్గరే పోగేసుకుంటుంది. అంటే ఆర్కైవ్ డిస్క్ నిండితే కొన్నాళ్లకు ప్రైమరీ డిస్క్ కూడా నిండుతుంది.

కమిట్ ఎప్పుడు: మామూలుగా పోస్ట్‌గ్రెస్ తన డిస్క్ మీద లాగ్ పడగానే ‘కమిట్ అయింది’ (లావాదేవీ ఖాయమైంది) అని చెప్పేస్తుంది. స్టాండ్‌బైకి అది కొద్ది క్షణాల తర్వాత చేరుతుంది. ఇది అసింక్రనస్ పద్ధతి. ఆ కొద్ది క్షణాల్లో ప్రైమరీ కాలిపోతే అప్పటి లావాదేవీలు పోతాయి. ‘సింక్రనస్ స్టాండ్‌బై నేమ్స్’లో స్టాండ్‌బై పేరు రాస్తే, అక్కడి డిస్క్ మీద కూడా పడ్డాకే కమిట్ పూర్తవుతుంది.

ఎంతవరకు ఎదురుచూడాలో ‘సింక్రనస్ కమిట్’ చెబుతుంది. ‘రిమోట్ రైట్’ అంటే అవతలి ఆపరేటింగ్ సిస్టమ్‌కు అందితే చాలు. ‘ఆన్’ అంటే అవతలి డిస్క్ మీద పడాలి. ‘రిమోట్ అప్లై’ అంటే అవతల చదివేవారికి కూడా ఆ మార్పు కనిపించాలి. ‘లోకల్’ అంటే స్టాండ్‌బై కోసం ఆగనక్కర్లేదు. ఈ అమరికను సర్వర్ మొత్తానికే కాక ఒక్కో లావాదేవీకి విడిగా కూడా పెట్టవచ్చు.

సింక్రనస్‌కు పెట్టిన స్టాండ్‌బై ఒక్కటే ఉండి అది ఆగిపోతే ప్రైమరీలో రాసే పనులన్నీ నిలిచిపోతాయి. దేన్నయితే ఆపకుండా నడపాలని స్టాండ్‌బై పెట్టామో దాన్ని స్టాండ్‌బైయే ఆపేస్తుందన్నమాట. రెండు స్టాండ్‌బైలు పెట్టి, ‘వీటిలో ఏదో ఒకటి సరేనంటే చాలు’ అనే ‘ఎనీ 1’ పద్ధతిని ఎంచుకుంటే ఈ చిక్కు తగ్గుతుంది.

రీస్టార్ట్, రీలోడ్: ‘లిజన్ అడ్రసెస్’, ‘వాల్ లెవెల్’, ‘మ్యాక్స్ వాల్ సెండర్స్’, ‘మ్యాక్స్ రెప్లికేషన్ స్లాట్స్’, ‘ఆర్కైవ్ మోడ్’ మారిస్తే సర్వర్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. ఆర్కైవ్ కమాండ్, లాగ్ నిల్వ పరిమాణాలు, సింక్రనస్ అమరికలు, పీజీ హెచ్‌బీఏ వరుసలు సర్వర్‌ను ఆపకుండా చేసే రీలోడ్‌తోనే అమల్లోకి వస్తాయి. మొదటి రకం మార్పులన్నీ ఒకే విరామంలో చేసుకోవడం మంచిది.

సరిపోలాల్సినవి: ‘మ్యాక్స్ కనెక్షన్స్’, ‘మ్యాక్స్ వర్కర్ ప్రాసెసెస్’, ‘మ్యాక్స్ వాల్ సెండర్స్’, ‘మ్యాక్స్ ప్రిపేర్డ్ ట్రాన్సాక్షన్స్’, ‘మ్యాక్స్ లాక్స్ పర్ ట్రాన్సాక్షన్’ విలువలు స్టాండ్‌బైలో ప్రైమరీ కంటే తక్కువ ఉండకూడదు. పెంచేటప్పుడు ముందు స్టాండ్‌బైలో, తగ్గించేటప్పుడు ముందు ప్రైమరీలో మార్చాలి. రెండు యంత్రాల్లో పోస్ట్‌గ్రెస్ ప్రధాన వెర్షన్ ఒకటే ఉండాలి. ఆపరేటింగ్ సిస్టమ్ కూడా ఒకటే ఉండడం క్షేమం. లినక్స్‌లోని జీలిబ్‌సీ లైబ్రరీ 2018లో 2.28 వెర్షన్‌తో అక్షరాల వరుస నియమాలను చాలావరకు మార్చింది. ఒక యంత్రంలో పాతది, మరో యంత్రంలో కొత్తది ఉంటే పేర్ల ఇండెక్సులు స్టాండ్‌బైలో తప్పు జవాబులిచ్చే ప్రమాదముంది.

మొదటి నకలు

ప్రైమరీ సిద్ధమయ్యాక స్టాండ్‌బై యంత్రం నుంచి ‘పీజీ బేస్‌బ్యాకప్’ అనే పనిముట్టుతో మొదటి నకలు తీస్తారు. ప్రైమరీని ఆపాల్సిన పనిలేదు. నకలు తీస్తున్నంతసేపూ పుట్టే లాగ్‌ను కూడా వెంట తెచ్చుకునేలా, స్లాట్‌ను తానే సృష్టించుకునేలా, స్టాండ్‌బైకి కావలసిన కనెక్షన్ వివరాలు తానే రాసుకునేలా దానికి చెప్పవచ్చు. 12వ వెర్షన్ నుంచి డేటా ఫోల్డర్‌లో ‘స్టాండ్‌బై డాట్ సిగ్నల్’ అనే ఖాళీ ఫైలు ఉంటే ఆ సర్వర్ స్టాండ్‌బైగా లేస్తుంది.

ఒక మార్కెట్ లెక్క

ఉదాహరణకు అనకాపల్లిలో బెల్లం కొనుగోళ్ల లెక్కలు నడిపే ఒక డేటాబేస్‌ను ఊహించుకుందాం. రైతు తెచ్చిన దిమ్మల సంఖ్య, కాటా తూకం, వేలంలో పలికిన ధర, కమీషన్, రైతుకు చెల్లింపు అందులో నమోదవుతాయి. ప్రైమరీ అనకాపల్లిలో, ఒక స్టాండ్‌బై విశాఖపట్నంలో, మరొకటి హైదరాబాద్‌లో ఉన్నాయనుకుందాం.

ముందు దూరం లెక్క. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. 35 కిలోమీటర్ల విశాఖకు పోయి రావడానికి 0.35 మిల్లీసెకన్లు, సుమారు 600 కిలోమీటర్ల హైదరాబాద్‌కు 6 మిల్లీసెకన్లు కనీసం పడతాయి. వాస్తవంలో కేబుల్ వంపులు, మధ్యలోని రూటర్ల వల్ల ఇంకా ఎక్కువే అవుతుంది. హైదరాబాద్ ఒప్పుకోలు కోసం ప్రతి కమిట్ ఆగితే, ఒక కనెక్షన్ మీద వరుసగా సెకనుకు 166 కమిట్లు మించవు. మార్కెట్ పనికి అది ఎక్కువే. కానీ రోజంతా లక్షల వరుసలు ఒక్కొక్కటిగా ఎక్కించే ప్రోగ్రాముకు అది భారం.

అందుకే అన్నిటికీ ఒకే నియమం పెట్టనక్కర్లేదు. బండి లోపలికి వచ్చిన నమోదు పోయినా బండి కళ్లముందే ఉంటుంది కాబట్టి మళ్లీ రాసుకోవచ్చు. దానికి ‘లోకల్’ చాలు. రైతు చేతికి డబ్బు ఇచ్చినట్టు రాసిన వరుస పోతే మళ్లీ చెల్లించడమో, వివాదమో తప్పదు. దానికి ‘ఆన్’ ఉండాలి. ఏ నష్టాన్ని భరించగలమన్నది మార్కెట్‌లో పనిచేసేవారికే బాగా తెలుస్తుంది గనుక ఈ అమరికను సర్వర్ చూసేవారు ఒంటరిగా నిర్ణయించకూడదు.

ఇక డిస్క్ లెక్క. సీజన్‌లో నిమిషానికి రెండు సెగ్మెంట్ల లాగ్ పుడుతోందనుకుంటే 32 మెగాబైట్లు. గంటకు 1,920 మెగాబైట్లు, రోజుకు సుమారు 46 గిగాబైట్లు. తుపానుకు కేబుల్ తెగి మూడు రోజులు లైను లేకపోతే స్లాట్ ఆపిపెట్టే లాగ్ దాదాపు 138 గిగాబైట్లు. లాగ్ కోసం 200 గిగాబైట్ల డిస్క్ ఉంటే, ‘మ్యాక్స్ స్లాట్ వాల్ కీప్ సైజ్’ను 150 గిగాబైట్లుగా పెట్టి మిగతాది ఊపిరాడే చోటుగా వదలవచ్చు. 100 గిగాబైట్ల డిస్కే ఉంటే మూడు రోజుల ఆశ వదులుకుని, ఆర్కైవ్‌ను మరో డిస్క్‌కు మళ్లించాలి. అమరికల్లో రాసే అంకెలు ఇలాంటి లెక్కల నుంచి రావాలి, ఎవరి ఫైలులోంచో ఎత్తి రాసుకోకూడదు.

ఇతర డేటాబేస్‌లలో

ఒరాకిల్‌లో స్టాండ్‌బై సౌకర్యం 1990ల నడుమ 7.3 వెర్షన్‌తో మొదలై, 2001లో 9ఐతో ‘డేటా గార్డ్’ అనే పేరుతో స్థిరపడింది. అక్కడ ప్రైమరీని ‘ఆర్కైవ్‌లాగ్’ మోడ్‌లో పెట్టాలి. లాగ్‌లోకి రాకుండా తప్పించుకునే పనులను ‘ఫోర్స్ లాగింగ్’తో అరికట్టాలి. లాగ్ ఎక్కడికి పంపాలో గమ్యం రాయాలి. పాత్రలు తారుమారైనప్పుడు ఉపయోగపడేలా ప్రైమరీలోనూ స్టాండ్‌బై రీడో లాగ్‌లను ముందే సృష్టించాలి (ఒరాకిల్‌లో వాల్ వంటి లాగ్ పేరు రీడో లాగ్). అవి మామూలు రీడో గ్రూపుల కంటే ఒకటి ఎక్కువ ఉండాలి. డేటా గార్డ్ ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌కే పరిమితం. స్టాండర్డ్ ఎడిషన్ వాడేవారు న్యూజీలాండ్ సంస్థ తయారు చేసిన ‘డీబీవిజిట్ స్టాండ్‌బై’ వంటి వేరే సాఫ్ట్‌వేర్‌ను ఆశ్రయిస్తారు.

మైఎస్‌క్యూఎల్‌లో ప్రతి సర్వర్‌కూ వేర్వేరు ‘సర్వర్ ఐడీ’ ఉండాలి, బైనరీ లాగ్ నడుస్తుండాలి. 2013 నాటి 5.6 వెర్షన్‌తో వచ్చిన జీటీఐడీ ప్రతి లావాదేవీకీ ఒక గుర్తింపు ఇవ్వడంతో, స్టాండ్‌బై ఎక్కడ ఆగిందో వెతుక్కునే తిప్పలు తప్పాయి. ‘సింక్ బిన్‌లాగ్’, ‘ఇన్నోడీబీ ఫ్లష్ లాగ్ ఎట్ ట్రాన్సాక్షన్ కమిట్’ రెండూ 1గా ఉంటేనే కరెంటు పోయినా లాగ్, డేటా పొంతన తప్పవు. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2012 నుంచి ‘ఆల్వేస్ ఆన్ అవైలబిలిటీ గ్రూప్స్’ ఉన్నాయి. వాటికి డేటాబేస్ ‘ఫుల్ రికవరీ’ మోడల్‌లో ఉండడం తప్పనిసరి. పేర్లు వేరైనా అన్నిచోట్లా ప్రశ్నలు అవే: లాగ్‌లో ఎంత రాయాలి, ఎంతకాలం దాచాలి, ఎవరిని రానివ్వాలి, ఎవరి జవాబు కోసం ఆగాలి.

పర్యవేక్షణ

ప్రైమరీలోని ‘పీజీ స్టాట్ రెప్లికేషన్’ అనే వ్యూ ప్రతి స్టాండ్‌బైకీ ఒక వరుస చూపుతుంది. లాగ్ ఎంతవరకు పంపామో, అవతల ఎంతవరకు రాశారో, ఎంతవరకు డిస్క్ మీద పడిందో, ఎంతవరకు అమలైందో నాలుగు స్థానాలు అందులో ఉంటాయి. పంపినదే వెనకబడితే నెట్‌వర్క్‌ను, డిస్క్ మీద పడినదానికీ అమలైనదానికీ మధ్య దూరం పెరిగితే స్టాండ్‌బైలో నడుస్తున్న సుదీర్ఘ క్వెరీలను అనుమానించాలి. వరుసే లేకపోతే స్టాండ్‌బై తెగిపోయినట్టు. కనెక్షన్ లేని స్టాండ్‌బై ఆ వ్యూలో లోపంగా కనిపించదు, అసలు కనిపించదు. కాబట్టి హెచ్చరిక పెట్టేటప్పుడు ‘ఆలస్యం ఇంత దాటితే’ అని మాత్రమే కాక ‘వరుసల సంఖ్య తగ్గితే’ అని కూడా పెట్టాలి. స్లాట్ల వ్యూలో ‘వాల్ స్టేటస్’ గడి ‘లాస్ట్’ అని చూపితే ఆ స్లాట్‌కు కావలసిన లాగ్ ప్రైమరీలో పోయిందని అర్థం.

పాత్రల మార్పిడి

ప్రణాళిక ప్రకారం రెండు సర్వర్ల పాత్రలు మార్చడాన్ని స్విచోవర్ అని, ప్రైమరీ కూలిపోయినప్పుడు స్టాండ్‌బైని పైకి తేవడాన్ని ఫెయిలోవర్ అని అంటారు. పోస్ట్‌గ్రెస్ తనంతట తానుగా ఫెయిలోవర్ చేయదు. ఆ పనికి పాట్రోని, రెప్‌మేనేజర్ వంటి సాఫ్ట్‌వేర్‌లున్నాయి. ఇందులో పెద్ద ప్రమాదం, చనిపోయిందనుకున్న పాత ప్రైమరీ బతికే ఉండడం. రెండు సర్వర్లూ తామే ప్రైమరీ అనుకుని వేర్వేరు లావాదేవీలు రాసుకుంటే వాటిని కలపడం దాదాపు అసాధ్యం. కొత్తదాన్ని పైకి తేవడానికి ముందే పాతదాన్ని నెట్‌వర్క్ నుంచి తప్పించాలి.

పాత ప్రైమరీని మళ్లీ మొదటి నుంచి నకలు తీయకుండా స్టాండ్‌బైగా మార్చే ‘పీజీ రివైండ్’ పనిముట్టు 2016 నుంచి పోస్ట్‌గ్రెస్‌తోనే వస్తోంది. అది పనిచేయాలంటే డేటా చెక్‌సమ్‌లు గానీ, ‘వాల్ లాగ్ హింట్స్’ అమరిక గానీ ప్రమాదానికి ముందే ఉండి తీరాలి. ప్రైమరీ కూలాక గుర్తొచ్చి ప్రయోజనం లేదు.

గిట్‌ల్యాబ్ ఘటన

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థలో జరిగిన ప్రమాదాన్ని ఈ రంగంలో తరచూ ఉదహరిస్తారు. ఆ సంస్థ దాని పూర్తి వివరాలను తానే బయటపెట్టింది. ప్రైమరీ మీద భారం పెరిగి స్టాండ్‌బై వెనకబడింది. దానికి కావలసిన వాల్ సెగ్మెంట్లు ప్రైమరీలో అప్పటికే తొలగిపోయాయి, ఆర్కైవ్ ఏర్పాటు లేదు. మళ్లీ నకలు తీయబోతే వాల్ సెండర్లు చాలడం లేదన్న సందేశం వచ్చింది. ఆ సంఖ్యను 3 నుంచి 32కు పెంచి రీస్టార్ట్ చేయబోతే, 8,000గా పెట్టి ఉన్న ‘మ్యాక్స్ కనెక్షన్స్’ వల్ల ఆపరేటింగ్ సిస్టమ్ హద్దు దాటి సర్వర్ లేవలేదు. దాన్ని 2,000కు తగ్గించాక లేచింది. ఆ ఒత్తిడిలో ఒక ఇంజనీరు స్టాండ్‌బై అనుకుని ప్రైమరీలోని డేటా ఫోల్డర్‌ను తొలగించాడు. బ్యాకప్‌లు సరిగా పనిచేయడం లేదని అప్పుడే బయటపడింది. ఆరు గంటల కిందట తీసిన ఒక డిస్క్ స్నాప్‌షాట్ దొరకడంతో, ఆ ఆరు గంటల సమాచారం తప్ప మిగతాది దక్కింది. డేటాను తొలగించిన ఆ ఒక్క ఆదేశాన్ని పక్కన పెడితే లాగ్ నిల్వ, ఆర్కైవ్, సెండర్ల సంఖ్య, కనెక్షన్ల సంఖ్య అనే నాలుగూ ప్రైమరీ అమరికలే.

పరిమితులు

స్టాండ్‌బై బ్యాకప్ కాదు. ఎవరైనా పొరపాటున ఒక టేబుల్‌ను తొలగిస్తే ఆ తొలగింపు కూడా క్షణాల్లో స్టాండ్‌బైకి చేరుతుంది. ‘రికవరీ మిన్ అప్లై డిలే’తో ఒక స్టాండ్‌బైని కావాలనే కొన్ని గంటలు వెనక నడిపించవచ్చు గానీ, రోజువారీ బ్యాకప్, లాగ్ ఆర్కైవ్ ఉంటేనే కోరిన క్షణానికి వెనక్కి వెళ్లగలం. అలాగే, యూజర్లు వాడే అప్లికేషన్ కొత్త ప్రైమరీ చిరునామాను కనుక్కునే ఏర్పాటు లేకపోతే, స్టాండ్‌బై ఎంత తాజాగా ఉన్నా కౌంటర్ ముందు నిలబడినవారికి ఉపయోగం ఉండదు.

ఏ అమరిక సరైనదో కాగితం మీద తేలదు. ఉత్తర కోస్తాను అక్టోబరు, నవంబరు తుపానులు ఎక్కువగా తాకుతాయి గనుక, ఏటా ఆ కాలానికి ముందే ఒక సెలవురోజున ప్రైమరీని ఆపి, స్టాండ్‌బై మీద మార్కెట్ పనులో ఆఫీసు పనులో నడిపి చూసుకోవాలి. ఆ పరీక్షకు నిలవని స్టాండ్‌బైని ఉన్నట్టు లెక్కలో వేసుకోకూడదు.